రోగిని అడగని తనిఖీ

(ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో జరిగే అక్రమాలు, వాటిపై ప్రభుత్వ నిఘా అనే అంశంపై, క్లెయిముల, అంటే చేసిన వైద్యానికి ఆసుపత్రులు ప్రభుత్వాన్ని డబ్బు కోరే దరఖాస్తుల, పరిశీలనలో పనిచేసి విరమణ పొందిన ఒక వైద్యుడు చేసిన ప్రసంగం ఇది. సభకు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మినహా ఏమీ తీసివేయలేదు.)

అందరికీ నమస్కారం. ఈ సభలో వైద్యులున్నారు, న్యాయవాదులున్నారు, వెనక వరసల్లో ఆశా కార్యకర్తలున్నారు, ఆసుపత్రుల్లో పథకం రోగులకు సహాయపడే ఆరోగ్యమిత్రలుగా పనిచేసినవారు కూడా ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. నేను చెప్పబోయేవి మీలో ఎవరికీ పూర్తిగా కొత్తవి కావు. ఎవరికి వారు తమ గదిలో నుంచి చూసినదాన్ని ఒకచోట పెట్టి చూద్దామన్నదే నా ప్రయత్నం.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఈ పథకాలే వద్దనేవారు నా ప్రసంగాన్ని దయచేసి వాడుకోవద్దు. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలయ్యే నాటికి, బిడ్డ గుండె ఆపరేషన్ కోసం ఉన్న ఎకరం అమ్ముకున్న కుటుంబాలు మనందరికీ తెలుసు. ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు కోసం ఎమ్మెల్యే ఇంటి అరుగు మీద పగలంతా కూర్చున్న తండ్రులూ తెలుసు. తెల్ల రేషన్ కార్డు చూపించి కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం తొక్కగలగడం చిన్న విషయం కాదు. కాదంటారా? అంత మంచి పథకం కాబట్టే, అందులో నుంచి దొంగిలించిన ప్రతి రూపాయీ ఇంకొక రోగి వంతు రూపాయి కాబట్టే, ఈ చర్చ అవసరం.

మోసం ఎక్కడ దూరుతుందో తెలియాలంటే ఒక క్లెయిము ఎలా నడుస్తుందో తెలియాలి. తెల్ల కార్డు పట్టుకుని రోగి నెట్‌వర్క్ ఆసుపత్రికి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రికి, వస్తాడు. కౌంటరు దగ్గర ఆరోగ్యమిత్ర వివరాలు నమోదు చేస్తారు. పరీక్షలయ్యాక ఆసుపత్రి తరఫున మెడ్కో, అంటే మెడికల్ కోఆర్డినేటర్, ఆ రిపోర్టులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టి, ముందే ధర నిర్ణయించిన ఫలానా ప్యాకేజీ కింద ఫలానా శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి, అంటే మనం ప్రీ-ఆథ్ అంటామే, అది కోరతారు. పథకాన్ని నడిపే ట్రస్టులో కూర్చున్న నిపుణుడు చూసి అనుమతిస్తాడు. ఆపరేషన్ జరుగుతుంది, ఫొటోలు, కేస్ షీటు, డిశ్చార్జి సమ్మరీ, స్టెంటు వేస్తే దాని స్టిక్కరు, అన్నీ మళ్లీ ఎక్కిస్తారు. ఇంటికి వెళ్లేటప్పుడు రోగి సంతకం తీసుకుని దారి ఖర్చులిస్తారు. ఆ తరువాత క్లెయిము, దానిపై క్వెరీలు, అంటే ట్రస్టు లేవనెత్తే సందేహాలు, వాటికి జవాబులు, చివరకు చెల్లింపు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఈ మొత్తం ప్రక్రియలో ప్రభుత్వం తరఫున నిర్ణయం తీసుకున్న వైద్యుడు రోగిని ఎక్కడ చూశాడు? ఎక్కడా చూడలేదు. రోగి ఫొటో చూశాడు, రోగి రిపోర్టు చూశాడు, రోగి సంతకం చూశాడు. రోగిని చూడలేదు, రోగితో మాట్లాడలేదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

నా దగ్గరకు వచ్చిన ఒక ఫైలు చెబుతాను. ఆసుపత్రి పేరు చెప్పను, జిల్లా కూడా చెప్పను. కాలు విరిగిన రోగికి ప్లేటు వేసినట్టు క్లెయిము. ఆపరేషన్‌కు ముందు ఎక్స్‌రే ఉంది, తరువాత ఎక్స్‌రే ఉంది, రెండో దానిలో ప్లేటూ స్క్రూలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. డిశ్చార్జి సమ్మరీలో ఒక్క గడి ఖాళీ లేదు. కేస్ షీటు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. ఎక్కడైనా నర్సింగ్ నోట్సు చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఉంటే నేను చెప్పబోయేది మీకు వెంటనే అర్థమవుతుంది. ఐదు రోజుల పాటు, పగటి షిఫ్టు, సాయంత్రం షిఫ్టు, రాత్రి షిఫ్టు, అన్నిటిలో ఒకే చేతిరాత, ఒకే సిరా. జ్వరం కొలత ప్రతిసారీ 98.6. ఎముక కోసి ఇనుము బిగించిన మనిషికి మర్నాడు సాయంత్రం పిసరంత వేడి కూడా తగల్లేదు! ఎక్స్‌రే మూలలో పేరూ తేదీ ఉండవలసిన చోట తెల్ల కాగితం అతికించి పెన్నుతో రాశారు. ఆ ఫిల్ము ఎవరిదో ఆ కాగితం కింద ఉంది. కంప్యూటరు అడిగిన పత్రాలన్నీ ఉన్నాయి కాబట్టి కంప్యూటరుకు అభ్యంతరం లేదు.

అదే రోజు ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి నుంచి వచ్చిన ఫైలులో పీజీ విద్యార్థి అర్ధరాత్రి గిలికిన రాత, ఒకచోట సంతకం లేదు, ఒక ఫొటో మసకగా ఉంది. దానికి క్వెరీ వేయవలసి వచ్చింది. నిజంగా వైద్యం చేసినవాడికి కాగితం రాసే తీరిక ఉండదు. వైద్యం చేయనివాడికి కాగితం తప్ప వేరే పని ఉండదు. పత్రాలను మాత్రమే చూసే తనిఖీ చివరికి ఎవరికి శిక్ష వేస్తుందో ఆలోచించండి.

అక్రమాలు ఎన్ని రకాలో చెప్పమంటే జాబితా చాలా పెద్దది. ఓపీలో మాత్ర ఇచ్చి పంపవలసిన జ్వరాన్ని ఐపీగా చేర్చుకోవడం, సాధారణ వార్డులో ఉన్నవాడిని ఐసీయూలో ఉన్నట్టు చూపడం, చిన్న ప్యాకేజీ చేసి పెద్ద ప్యాకేజీ వేసుకోవడం, ఉచితమని చెప్పిన వైద్యానికే మందులనీ, బయటి పరీక్షలనీ రోగి దగ్గర చేతిలో డబ్బు తీసుకోవడం. ఇవన్నీ మీకు తెలిసినవే. కాని వీటన్నిటిలో నేను ఒకదాన్ని విడిగా చెప్పాలి. లేని రోగిని చూపించి డబ్బు తీసుకుంటే ఖజానాకు నష్టం. ఉన్న రోగికి లేని జబ్బును చూపించి కత్తి పెడితే అది మనిషి శరీరానికి నష్టం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘అనర్హ క్లెయిము’ అని రాసే పద్ధతి నాకు ఎన్నడూ మింగుడుపడలేదు.

గర్భసంచి ఆపరేషన్ల విషయం తీసుకోండి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అంటే దేశ సగటుకు రెండింతలకు పైన. ఈ పాపమంతా ఆరోగ్యశ్రీదే అంటే అది అబద్ధమవుతుంది. పథకం రాకముందే, పట్టణాల్లోని నర్సింగ్ హోములకు అప్పుచేసి వెళ్లి తీయించుకున్నవారు చాలామంది ఉన్నారు. తెల్లబట్ట అవుతోందని వెళ్లిన ముప్పై ఏళ్ల మనిషికి ‘ఉంచుకుంటే క్యాన్సరు అవుతుందమ్మా’ అన్న ఒక్క మాట చాలు, ఆమె మళ్లీ ఎదురు ప్రశ్న వేయదు. అయితే అప్పటికే ఉన్న ఆ దురలవాటుకు పథకం వచ్చి ప్రభుత్వ సొమ్మును తోడు చేసింది. చేయి కాల్చుకున్నాక ప్రభుత్వం గర్భసంచి తొలగింపుతో సహా 133 రకాల చికిత్సలను ప్రైవేటు ఆసుపత్రుల నుంచి తీసి ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది. ఈ నిర్ణయాన్ని అప్పట్లో చాలామంది వైద్య మిత్రులు తప్పుపట్టారు. నేను తప్పుపట్టను. కాని అది తలుపు మూయడమే తప్ప, అంతకు ముందు తలుపు తీసి ఉన్నప్పుడు ఎవరెవరికి అవసరం లేకుండా చేశారో వెళ్లి అడగడం కాదు. ఆ ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి ఎవరైనా అడిగారా? ఇక్కడున్న ఆశా కార్యకర్తలు చెప్పాలి.

మన దగ్గరే కాదు. బీహార్‌లో, ఛత్తీస్‌గఢ్‌లో పేదల కోసం కేంద్రం పెట్టిన ఆరోగ్య బీమా, రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కింద ఇదే జరిగిందని 2012 ప్రాంతంలో బయటపడింది. ఒక వైద్యుడు సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తే, 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమల్లో పెట్టాలని కోర్టు ఆదేశించింది. అక్రమం బయటపడ్డాక మార్గదర్శకం అమలు చేయమనే ఆదేశానికే పదేళ్లు దాటింది.

కాగ్ చూసినది, కాగ్ చూడలేనిది

ఇక ఆయుష్మాన్ భారత్ సంగతి. 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రధాని ప్రారంభించారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం. ఒక న్యాయం ఒప్పుకోవాలి: ఈ పథకం మోసం ఉంటుందని మొదటి రోజు నుంచే ఊహించింది. జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థలో అక్రమాల నిరోధానికి ఒక విభాగం, రాష్ట్రాల్లో దానికి అనుబంధ విభాగాలు, ఆసుపత్రిలో సంభవించిన ప్రతి మరణాన్నీ సమీక్షించాలన్న నియమం, అనుమానాస్పద క్లెయిములను ముందే పట్టే కంప్యూటరు హెచ్చరికలు, ఇవన్నీ కాగితం మీద బాగా ఏర్పాటు చేశారు.

మరి ఫలితం? 2023 ఆగస్టులో ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. అందులో పత్రికలన్నీ పట్టుకున్న సంఖ్య ఒకటుంది. ఒకే ఒక్క మొబైల్ నంబరుకు, తొమ్మిది అంకె పదిసార్లు రాసిన నంబరుకు, 7,49,820 మంది లబ్ధిదారులు ముడిపడి ఉన్నారు. ఇది విని దేశమంతా నవ్వింది. ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఏమిటంటే, లబ్ధిదారుని గుర్తింపునకు ఆధార్ ఉంది, మొబైల్ నంబరుతో దానికి సంబంధం లేదు, ఫోను లేనివారికి సిబ్బంది ఏదో ఒక నంబరు నింపారు అని. ఈ జవాబులో నిజముంది. ఫోను లేనంత మాత్రాన పేదవాడికి వైద్యం ఆపకూడదు కదా. ఆ ఏడున్నర లక్షల మంది దొంగలు కారు.

కాని నా బాధ వేరు. ఆ నంబరుకు ఫోను చేసి ‘అమ్మా, మీకు ఫలానా తేదీన ఫలానా ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగిందట, నిజమేనా?’ అని ఎవరైనా అడగగలరా? అడగలేరు. గుర్తింపునకు ఫోను నంబరు అక్కరలేదని సమర్థించుకున్న అధికారికి, తనిఖీకి అది అక్కరకు వస్తుందన్న ఆలోచనే రాలేదన్నమాట. రోగిని తరువాత ఎప్పుడైనా ఏమైనా అడగవలసి ఉంటుందని ఆ వ్యవస్థ అనుకుని ఉంటే, ఆ గడిని అలా నింపనిచ్చేది కాదు.

అదే నివేదికలో అంతగా ప్రచారం కాని అంశాలు నా దృష్టిలో ఇంకా పెద్దవి. చనిపోయినట్టు ముందే నమోదైన 3,446 మంది రోగులకు ఆ తరువాత కూడా చికిత్స జరిగినట్టు 6.97 కోట్ల రూపాయలు చెల్లించారు. ఒక ఆసుపత్రిలో డిశ్చార్జి కాకముందే అదే రోగి మరో చేరికలో కనిపించిన క్లెయిములు 78 వేలకు పైగా ఉన్నాయి. వీటిలో కొన్ని తేదీల పొరపాట్లు కావచ్చు, పుట్టిన బిడ్డను తల్లి కార్డు మీద వేరే ఆసుపత్రిలో చేర్చిన సందర్భాలు కూడా ఉంటాయి. అయినా ఒకే మనిషి రెండు మంచాల మీద ఉన్నాడని తెలిసినప్పుడు చెల్లింపు ఆగి, ఒక మనిషి వెళ్లి చూసి రావాలా వద్దా? ఇంకొక లెక్క చూడండి. తొమ్మిది రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 100 ఆసుపత్రుల నుంచి రావలసిన 12.32 కోట్ల జరిమానా వసూలు కాలేదు. పట్టుకున్నారు, జరిమానా వేశారు, వసూలు చేయలేదు. వచ్చే నెల క్లెయిములో మినహాయించుకుంటే సరిపోయేది కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అదే అనుకున్నాను.

కాగ్ తన పని తాను బాగా చేసింది. కాని కాగ్ చూసేది కూడా రికార్డునే. మంచి చేతిరాతతో, పూర్తి పత్రాలతో, బతికున్న రోగి పేరుతో, ఒకే మంచం మీద, అవసరం లేని ఆపరేషన్ చేస్తే ఏ డేటాబేసు పట్టుకోగలదు? 2024 నవంబరులో గుజరాత్‌లో జరిగింది అటువంటిదేనన్నది ఆరోపణ. మెహసాణా జిల్లాలోని ఒక పల్లెలో ఉచిత వైద్య శిబిరం పెట్టి, అక్కడి నుంచి 19 మందిని అహ్మదాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లి యాంజియోగ్రాం చేశారు, ఏడుగురికి స్టెంట్లు వేశారు, ఇద్దరు మరణించారు. ఆ కేసు ఇంకా కోర్టులో ఉంది కనుక తీర్పు నేను చెప్పను. కాని దాన్ని బయటపెట్టింది ఎవరు? ఢిల్లీలోని హెచ్చరిక వ్యవస్థ కాదు. పొద్దున మామూలుగా బస్సెక్కి వెళ్లిన మనిషి ఎందుకు చనిపోయాడని ఆసుపత్రి ముందు నిలదీసిన ఊరివాళ్లు.

మన దగ్గర ముఖ్యమంత్రి సహాయనిధిలో ఏం జరిగిందో చూశాం. అక్కడ ప్రీ-ఆథ్ కూడా ఉండదు. డబ్బు కట్టినట్టు బిల్లు పెడితే కొంత తిరిగి వస్తుంది. బిల్లే సాక్ష్యం, బిల్లే సర్వస్వం. ఎవరికీ చేయని వైద్యానికి బిల్లులు పుట్టించారన్న అభియోగంతో 2024 ఆగస్టులో తెలంగాణ సీఐడీ పలు ప్రైవేటు ఆసుపత్రులపై కేసులు పెట్టింది. బిల్లులో ఉన్న పేరు గల మనిషిని ఒక్కసారి పలకరించి ఉంటే ఆ మోసం తొలి నెలలోనే ఆగేది.

శిక్షల విషయం త్వరగా చెప్పి ముందుకు వెళతాను. ఆయుష్మాన్ భారత్ కింద 1,114 ఆసుపత్రులను జాబితా నుంచి తొలగించామని, 1,504 ఆసుపత్రులకు 122 కోట్ల రూపాయల జరిమానా వేశామని, 549 ఆసుపత్రులను సస్పెండ్ చేశామని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. మంచిదే. కాని జాబితా నుంచి తొలగించిన ఆసుపత్రి మూతపడదు. ప్రైవేటు రోగులను చూస్తూనే ఉంటుంది, కొన్నిచోట్ల బోర్డు మారుతుంది, భాగస్వాముల పేర్లు మారుతాయి. అవసరం లేని కోత కోసిన చెయ్యి లైసెన్సు మాత్రం అరుదుగా పోతుంది.

బాకీ పడ్డవాడి మాట

ఇప్పుడు చెప్పేది ప్రభుత్వంలో ఉన్నవారికి నచ్చదు. తనిఖీ చేసేవాడికి నైతిక బలం ఉండాలి. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? చేసిన పనికి సకాలంలో డబ్బు చెల్లించడం నుంచి వస్తుంది. ఆయుష్మాన్ భారత్ నియమాల ప్రకారం రాష్ట్రంలోని క్లెయిము 15 రోజుల్లో, ఇతర రాష్ట్రపు రోగి క్లెయిము 30 రోజుల్లో తేలాలి. మన రెండు రాష్ట్రాల్లో నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు నిలిపివేస్తామని నోటీసులివ్వడం, చర్చలు జరగడం, కొంత విడుదల చేయడం, మళ్లీ నోటీసు రావడం ఏటా చూస్తున్నాం. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఇదే. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ వైద్య పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో 25 లక్షలకు పెంచారు. పరిమితి పెంచడానికి ఒక జీవో చాలు, బకాయి తీర్చడానికి డబ్బు కావాలి.

బకాయికీ మోసానికీ సంబంధమేమిటంటారా? చాలా ఉంది. నెలల తరబడి డబ్బు రాకపోతే నిజాయతీగా చేసే ఆసుపత్రి ముందుగా పథకం నుంచి తప్పుకుంటుంది, లేదా ఆరోగ్యశ్రీ మంచాలు ఖాళీ లేవని చెప్పి రోగిని తిప్పి పంపుతుంది. మిగిలేదెవరు? ఆలస్యాన్ని తట్టుకునేంత లాభం వేరే దారిలో చూసుకునేవాడు. పది రావలసిన చోట ఆరే వస్తాయని తెలిసినవాడు పదహారు రాస్తాడు. ఇక అధికారి పరిస్థితి చూడండి: కోట్లు బాకీ ఉన్న ఆసుపత్రికి తనిఖీకి వెళితే, యజమాని మొదట అడిగేది ‘మా డబ్బు ఎప్పుడిస్తారు సార్?’ అని. ఆ ప్రశ్నకు జవాబు లేనివాడు కేస్ షీట్లు తెమ్మని గట్టిగా అడగలేడు. అంతకన్నా ఘోరం, ఖజానాలో డబ్బు లేని నెలల్లో క్వెరీ అనేది తనిఖీ సాధనంగా కాక వాయిదా సాధనంగా మారుతుంది. అడిగిన పత్రమే మళ్లీ అడుగుతారు. అప్పుడు నిజమైన సందేహంతో వేసిన క్వెరీని కూడా ఎవరూ లెక్కచేయరు.

మరి ఏం చేయాలి? అమెరికాలో ఒక చట్టముంది. అంతర్యుద్ధ కాలంలో సైన్యానికి నాసిరకం సరుకులు అంటగట్టిన కాంట్రాక్టర్ల కోసం 1863లో చేసిన ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్. ప్రభుత్వాన్ని మోసగించినవారి నుంచి నష్టానికి మూడింతలు రాబట్టవచ్చు. లోపలి సంగతి తెలిసిన ఉద్యోగి ప్రభుత్వం తరఫున దావా వేసి గెలిస్తే, వసూలైన దానిలో సాధారణంగా 15 నుంచి 30 శాతం వరకు అతనికి ఇస్తారు. ఇప్పుడు దాని కింద వసూలయ్యే సొమ్ములో ఎక్కువ భాగం ఆరోగ్య రంగం నుంచే. మన దగ్గర 2014లో విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం చేసి, దాన్ని అమల్లోకే తేలేదు. ఆ నర్సింగ్ నోట్సు ఐదు రోజులూ ఒకే చేత్తో రాసిన అమ్మాయికి అన్నీ తెలుసు. ఆమె జీతం ఎంత, ఆమె నోరు తెరిస్తే మర్నాడు ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? ఆమెకు బహుమతి ఇవ్వకపోయినా ఫరవాలేదు, రక్షణ ఇవ్వాలి.

ఇక రెండోది మనకు బయటి నుంచి తెచ్చుకోవలసిన పని లేనిది. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని దేశానికి చేసి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మస్టరు రోలు, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ‘నీ పేరు మీద ఇన్ని రోజుల కూలి రాశారు, చేశావా, ముట్టిందా?’ అని అడిగి, ఆ తరువాత అందరి ముందూ చదివారు. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. కూలికి పనికొచ్చిన పద్ధతి వైద్యానికి ఎందుకు పనికిరాదు?

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాటవేయను. కూలి రోజులు సభలో చదవవచ్చు. జబ్బు పేరు చదవకూడదు. ఎవరికి గర్భసంచి తీశారో, ఎవరికి హెచ్‌ఐవీ ఉందో ఊరి ముందు చదివితే అది తనిఖీ కాదు, ఇంకొక అన్యాయం. కాబట్టి ఇంట్లో, ఒంటరిగా, రోగితోనే మాట్లాడాలి. అడగవలసినవి నాలుగే: ఆసుపత్రిలో ఎన్ని రాత్రులు ఉన్నారు, ఏ భాగానికి ఆపరేషన్ అని చెప్పారు, చేతి నుంచి ఎంత కట్టారు, ఆపరేషన్ తప్ప వేరే దారి ఉందని ఎవరైనా చెప్పారా. వైద్యం తెలియనివారు కూడా అడగగల ప్రశ్నలివి. అయితే ఆ రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్లిన మనిషి చేత అడిగించకూడదు. ఆశా కార్యకర్తలు నన్ను క్షమించాలి, పక్క మండలం వారిని పంపాలి. సభలో చదవవలసింది ఆసుపత్రి పేరు, ఎన్ని క్లెయిములు, ఎన్నింటిలో రోగి మాటకూ ఫైలుకూ పొత్తు కుదరలేదు, ఇంతే.

దానికంటే ముందు రేపే చేయగల పని ఒకటుంది. మీ పేరు మీద ఫలానా ఆసుపత్రికి ఫలానా చికిత్సకు ఇంత చెల్లించాం, తేడా ఉంటే 104కు చెప్పండి అని తెలుగులో ఒక చీటీ, చదవలేనివారికి చదివి వినిపించే ఒక ఫోను, చెల్లింపుకు ముందే వెళ్లాలి, తరువాత కాదు. రోగి జవాబు వచ్చాకే సొమ్ము కదలాలని నేననను, అది మళ్లీ బకాయిలకు సాకవుతుంది. కాని ‘నాకు ఆ ఆపరేషన్ జరగలేదు’ అన్న ఒక్క జవాబు వచ్చినా ఆ ఒక్క క్లెయిము ఆగాలి, ఆ ఆసుపత్రి గత ఏడాది ఫైళ్లన్నీ మళ్లీ తెరవాలి. ఇది ట్రస్టు స్థాయిలో ఒక ఉత్తర్వుతో అయ్యే పని.

నాకిచ్చిన సమయం అయిపోయింది. క్లెయిము తిరస్కరణపై అప్పీలు గురించి అడుగుతామన్న డాక్టరుగారు, 104కు ఫిర్యాదు చేసినా జవాబు రాలేదన్న అమ్మ, ఇద్దరూ ముందు వరసలోకి రండి, మీ ప్రశ్నలతో మొదలుపెడదాం.